నాయిన డైరీలో మూడో గడి

పోయిన వినాయక చవితికి వారం ముందు మా బత్తాయి తోట చూడటానికి వ్యాపారి వచ్చాడు. మాది నల్గొండ జిల్లాలో గుర్రంపోడుకూ పెద్దవూరకూ నడుమ ఒక చిన్న ఊరు. నాలుగెకరాల తోట, 430 చెట్లు. వ్యాపారి బండి రోడ్డు మీదే ఆపి, గట్టు దాటి, మొదటి రెండు సాళ్ళ మధ్య ఓ యాభై అడుగులు నడిచాడు. వంగి కొమ్మల కింద చూశాడు. ఒక కాయ తెంపి బొటనవేలితో నొక్కి చూశాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

"పద్దెనిమిది టన్నులు దాటదు కాకా" అన్నాడు.

నాయిన ఏమీ అనలేదు. రేకుల షెడ్డులోకి పోయి డైరీ తెచ్చుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక గడిలో 18 అని రాశాడు. దాని పక్క గడిలో అప్పటికే 22.5 అని ఉంది.

ఆ డైరీ గురించి చెప్పాలి. 1994లో ఒక ఎరువుల దుకాణం వాళ్ళు పంచింది. అట్ట ఊడిపోతే గోనె దారంతో కుట్టుకున్నాడు. అందులోని తేదీలతో ఆయనకు పనిలేదు. కావలసిన పేజీలకు స్కేలు పెట్టి మూడు గడులు గీసుకున్నాడు. మొదటి గడి మీద 'మనది' అని రాసి ఉంటుంది, రెండో దాని మీద 'వాళ్ళది', మూడో దాని మీద 'కాంటా'. మనది అంటే కోతకు ముందు నాయిన వేసిన అంచనా. వాళ్ళది అంటే వ్యాపారి చెప్పిన మాట. కాంటా అంటే లారీ ఎక్కేటప్పుడు తూకం చెప్పిన అసలు లెక్క. మొదటి రెండూ కాయ చెట్టు మీద ఉండగానే పెన్నుతో రాయాలి, తర్వాత దిద్దకూడదు. ముప్పై ఏళ్ళలో ఆ గడుల్లో ఒక్క కొట్టివేత లేదు.

22.5 ఎట్లా వచ్చిందో నేను పక్కనే ఉండి చూశాను. ముందురోజు పొద్దున నాయిన పది చెట్లు ఎంచుకున్నాడు. రోడ్డు పక్క సాలులో ఒక్కటే తీసుకున్నాడు. అంచు చెట్లకు ఎండ బాగా తగులుతుంది, కాపు కూడా ఎక్కువ కనబడుతుంది, వాటినే చూస్తే మనసు ఉబ్బుతుందంటాడు. నడుమ నుంచి ఆరు, కుంట వైపు నీళ్ళు నిలిచి వేరు దెబ్బతిన్న చోట నుంచి మూడు. కుడి జేబు నిండా గులకరాళ్ళు వేసుకున్నాడు. యాభై కాయలు లెక్కపెట్టగానే ఒక రాయి ఎడమ జేబులోకి. చెట్టు చుట్టూ ఒకే దిక్కున తిరుగుతాడు. లెక్కలో ఉన్నప్పుడు ఎవరైనా పలకరిస్తే జవాబివ్వడు. పది చెట్లకు సరాసరి చెట్టుకు 315 కాయలు తేలాయి. కిలో బాటు పెట్టి తూచితే ఆరు కాయలు తూగాయి. 430తో హెచ్చవేసి, ఆరుతో భాగిస్తే ఇరవై రెండున్నర టన్నులు.

"గుత్తకియ్య కొడుకా. కాంటా మీదనే ఇస్త" అన్నాడు నాయిన. వ్యాపారి తరుగు దగ్గర కొంచెం సతాయించి ఒప్పుకున్నాడు. చివరికి తూకం 21 టన్నుల 4 క్వింటాళ్ళు వచ్చింది. నాయిన టన్నుకు పైగా తప్పాడు. ఆ రాత్రి మూడో గడి నింపి, చాలాసేపు ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాడు. కుంట పక్క చెట్లు మూడు కాదు, నాలుగు తీసుకోవలసిందన్నాడు.

ఆ వ్యాపారి 18 అన్నది కాయను చూసి చెప్పింది కాదు, ధర కోసం చెప్పింది. రెండో గడి అంతా చూస్తే ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ వాళ్ళ మాట తూకం కంటే ఎక్కువ లేదు. నిజంగా కనుక్కోవాలని వేసిన అంచనా అయితే ఒకసారి ఎక్కువవుతుంది, ఒకసారి తక్కువవుతుంది. ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంటే దాని వెనక ఎవరిదో అక్కర ఉంటుంది. ఇంకోమాట కూడా చెప్పాలి. మొదటి అయిదారేళ్ళు నాయిన రాసినవి కూడా అట్లాగే ఒకే వైపు తప్పాయి. 1997లో ముప్పై అని రాశాడు, వచ్చింది పందొమ్మిది. ఆయన అక్కర ఆశ. అక్క పెళ్ళి చేసిన ఏడు అది. ఆ మూడు గడులు పక్కపక్కన చూసుకుంటూ ఆశను కొంచెం కొంచెం తీసేస్తూ వచ్చాడు.

నేను 2001 నుంచి 2013 దాకా మండల విలేకరిగా పనిచేశాను. రోజుకు నాలుగైదు వార్తల చొప్పున పన్నెండేళ్ళు. ఎన్ని అంచనాలు రాసి ఉంటానో లెక్క లేదు. వాటిలో ఎన్ని నిజమయ్యాయో కూడా లెక్క లేదు. నా దగ్గర మూడో గడి లేదు. ఇన్నేళ్ళకు ఇది రాయడానికి కారణం అదే.

డైరీ వెనక పేజీల్లో బోర్లు ఉన్నాయి. ఏడు బోర్లు. అక్కడ కూడా మూడు గడులే. పాయింటు పెట్టినాయన, అంటే బోరు వేసే చోటు చూపినాయన, దేనితో చూశాడు, ఎన్ని ఫీట్లకు ఎన్ని ఇంచుల నీళ్ళు పడతాయన్నాడు, అసలు ఏం పడింది. 'అరచేతిలో కొబ్బరికాయ, 180 ఫీట్లు, 2 ఇంచులు' పక్కన 'దుబ్బ' అని ఉంది, అంటే నీళ్ళు పడక వట్టి దుమ్మే లేచిందని. 'వేపపుల్ల, 220, ఇంచున్నర' పక్కన 'దుబ్బ'. 'కొబ్బరికాయ, 250, 2 ఇంచులు' పక్కన 'ఇంచు, ఎండకాలం లేదు'. మొత్తం ఏడింట్లో రెండు పడ్డాయి. కానీ ఊళ్ళో ఎవరినడిగినా ఆ కొబ్బరికాయ ఆయన పాయింటు పెడితే తప్పదనే చెబుతారు. నీళ్ళు ఎగజిమ్మిన రోజు ఊరంతా వచ్చి చూస్తుంది. దుబ్బ లేచిన రోజు రైతు ఒక్కడే ఇంటికి పోతాడు, ఎవరికీ చెప్పడు. అందుకే పడినవి పది నోళ్ళలో ఉంటాయి, పడనివి అప్పు కాగితాల్లో ఉంటాయి. మా నల్గొండ పక్కన ముషంపల్లి లాంటి ఊళ్ళు బోర్లకే పేరుపడ్డాయంటే, ఎంతమంది రైతులు ఎన్నిసార్లు ఆ ఒక్క మాట నమ్మి గుంత తవ్వించారో అనుకోవాలి. పాయింటు పెట్టినాయనకు మాత్రం నీళ్ళు పడినా పడకపోయినా కూలి ముట్టుతుంది. నాయిన లెక్క తప్పితే నాయిన నష్టపోతాడు, అందుకే నేర్చుకున్నాడు. తప్పితే ఏమీ పోనివాడికి నేర్చుకునే అక్కర ఎక్కడ ఉంటుంది?

బిడ్డకు ఏదో పరీక్ష ఉంటే బేగంపేట తీసుకుపోయాను ఒకసారి. మూడు గంటలు బయట ఉండాలి. పాత ఎయిర్‌పోర్టు దగ్గర ఉన్న రొనాల్డ్ రాస్ బంగళా దాకా నడుచుకుంటూ పోయి గేటు బయట నిలబడ్డాను. మలేరియా దోమ సంగతి డాక్టరు రాస్ తేల్చింది అక్కడే, 1897 ఆగస్టు 20న. బడిలో ఒక్క వాక్యంగా చదువుకున్నాం. కానీ ఆ వాక్యం వెనక ఉన్న తప్పుల కథ తర్వాత చదివాను. అప్పటి నుంచి అది నా మనసులో పాతుకుపోయింది.

దోమకూ మలేరియాకూ సంబంధం ఉందన్న ఊహ రాస్‌ది కాదు, లండన్‌లో ఉన్న ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరుది. 1894లో రాస్‌కు చెప్పాడు. ఆ ఊహలో సగం నిజం, సగం తప్పు. దోమ రోగి రక్తం తాగితే క్రిమి దోమలోకి పోతుంది, ఇది నిజం. ఆ దోమ నీళ్ళలో పడి చస్తుంది, ఆ నీళ్ళు తాగిన మనిషికి జ్వరం వస్తుంది, ఇది తప్పు. రాస్ సికింద్రాబాద్ వచ్చి ఆ తప్పు సగాన్ని కూడా శ్రద్ధగా పరీక్షించాడు. దోమలు చచ్చిన నీళ్ళు మనుషులకు డబ్బులిచ్చి తాగించాడు. మొదట తాగినతనికి జ్వరం వచ్చింది కూడా! నేనైతే ఆ సాయంత్రమే ఫ్యాక్స్ కొట్టేసేవాణ్ణి. రాస్ సంబరపడ్డాడు కానీ అక్కడ ఆగలేదు. ఇంకొకరికి ఇచ్చాడు, ఇంకొకరికి ఇచ్చాడు. జ్వరం నిలకడగా రాలేదు. ఆ ఊహను పక్కన పెట్టేశాడు.

ఇంకో తప్పు కూడా జరుగుతూనే ఉంది. రెండేళ్ళపాటు ఆయన కోసి చూసిన దోమలు అసలు మలేరియా మోసే జాతివి కావు. ఎన్ని వందలు కోసినా ఏమీ కనబడదు. రెక్కల మీద మచ్చలున్న వేరే రకం దోమలు దొరికాక, హుస్సేన్ ఖాన్ అనే రోగిని వాటితో కుట్టించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆగస్టు ఉక్కలో పంకా వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుందని పంకా ఆపించాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. చివరికి ఒక దోమ కడుపు గోడలో నల్లని చుక్కలున్న గుండ్రటి కణాలు కనబడ్డాయి. 1902లో నోబెల్ ఇచ్చారు.

గేటు బయట నిలబడి నేను ఆలోచించింది నోబెల్ గురించి కాదు. ఆ మొదటి జ్వరం గురించి. అనుకున్నది నిజమైనట్టు కనబడిన రోజున రెండో మనిషికి తాగించి చూడటం ఎంత కష్టమైన పని! తప్పినప్పుడు మళ్ళీ చూడటం ఎవరైనా చేస్తారు. ఒప్పైనట్టు కనబడినప్పుడు మళ్ళీ చూడాలంటే పెద్ద మనసు కావాలి. విలేకరిగా పన్నెండేళ్ళలో నేను ఆ పని ఎన్నిసార్లు చేశానంటే వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మా నాయినమ్మ నడుము వంగిపోయి, నేలను చూస్తూ నడిచేది. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు. చిన్నప్పటి నుంచి గంపలు మోసి మోసి అట్లా అయిందని ఇంట్లో అనుకునేవాళ్ళం. ఊళ్ళో కొందరు వాతం అన్నారు, కొందరు గాలి సోకిందన్నారు, ఒక స్వామి అయితే ఇంటి ఈశాన్యం బాగాలేదని గోడ పడగొట్టించాడు. మా చుట్టాల పిల్లలకు గార పండ్లు ఉంటే పుల్ల వేసి తోముకోరని తిట్టేవాళ్ళం. అన్నీ అంచనాలే. ఒక్కటీ నీళ్ళ దిక్కు పోలేదు. ఎందుకంటే నీళ్ళు తేటగా ఉండేవి, తియ్యగా ఉండేవి.

నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకలను ఇట్లా చేస్తుందని మన దేశంలో మొదట 1937లోనే నెల్లూరు జిల్లా ఊళ్ళలో డాక్టర్లు కనుక్కుని రాశారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదంటారు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు చాలా ఊళ్ళలో అంతకు ఎన్నో రెట్లు. అది రాతి నుంచి వస్తుంది. నీళ్ళు గ్రానైట్ రాతిలో ఎంత కాలం నిలిస్తే అంత దిగుతుంది. మా వాళ్ళు చేసిన పనేమిటంటే, బావి నీళ్ళు మంచివి కావేమో, లోతుకు పోతే మంచి నీళ్ళు పడతాయని బోర్లు దింపారు. ఎవరు విన్నా సబబే అనిపించే ఆలోచన. అది మాకు మేలు చేయలేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేస్తే దానికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ పుస్తకం తెరిచినా మా జిల్లా పేరు ఉంటుంది. చివరికి కృష్ణా నీళ్ళు ఇంటింటికీ పైపుల్లో తెస్తామని 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వేశారు. నాయినమ్మ అప్పటికి లేదు. ఎవరైనా ఒక్కరు, గంపలు మోయని ఆడవాళ్ళకూ నడుము ఎందుకు వంగిందని అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మా ఇంట్లోనే, గంప నెత్తిన పెట్టని మా చిన్న తాతకూ వంగింది. మా కళ్ళ ముందే తిరిగాడు.

వాన సంగతి తొందరగా చెప్పి ముందుకు పోతాను. వాతావరణ శాఖ 2025 ఏప్రిల్‌లో ఈసారి నైరుతి వాన 105 శాతం అని చెప్పింది. సగటు 87 సెంటీమీటర్లను నూరు అనుకుంటే అంత. దాంతోపాటే అయిదు శాతం అటూ ఇటూ కావచ్చని కూడా చెప్పింది. చివరికి దేశం మొత్తానికి 108 శాతం పడింది. చెప్పిన హద్దులోపలే. 2009లో మాత్రం 96 అని చెబితే 78 పడింది, హద్దు దాటి చాలా తప్పింది. ఆ రెండు తప్పొప్పులూ ఈరోజు నేను చెప్పగలుగుతున్నానంటే వాళ్ళు ముందే అంకె వేసి, తర్వాత పడిన వానను దాని పక్కనే రాసి బయటపెడుతున్నారు కాబట్టే. నాయిన డైరీలో గడులలాగే. కానీ పేపర్లో శీర్షిక పెట్టేటప్పుడు మేం మొదట తీసేసేది ఆ 'అయిదు శాతం అటూ ఇటూ'నే. చోటు సరిపోదు అంటాం. 'ఈసారి వానలే వానలు' అనడానికి మాత్రం చోటు ఉంటుంది.

వార్తల్లో అంచనా రాయడానికి మాకు కొన్ని మాటలు ఉండేవి. పనిలో చేరిన నెలలోనే పట్టుబడతాయి. తెలుస్తోంది. భావిస్తున్నారు. అనుమానాలు వ్యక్తమవుతున్నాయి. విశ్వసనీయ సమాచారం. భోగట్టా. వీటిలో నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వని మాట 'తెలుస్తోంది'. 'నాకు తెలుసు' అని రాస్తే, నీకెట్లా తెలుసు అని ఎవరైనా అడగవచ్చు. 'ఫలానా ఆయన చెప్పాడు' అంటే ఆయన్ని పోయి అడగవచ్చు. 'తెలుస్తోంది' అంటే ఎవరికి తెలుస్తోంది? ఆ వాక్యంలో మనిషి లేడు. జవాబు చెప్పేవాడు లేడు. చదివేవాళ్ళు మాత్రం దాన్ని 'తెలిసింది' అనే చదువుకుంటారు.

2006 జూలైలో ఒక మధ్యాహ్నం మూడు గంటలకు ఫోన్ వచ్చింది. పక్క ఊళ్ళో ఒకామె బావిలో పడి చనిపోయింది. ఆరు లోపు ఫ్యాక్స్ పంపాలి. బండి మీద పోయేసరికి శవాన్ని దవాఖానకు తీసుకుపోయారు. బావి దగ్గర పదిమంది ఉన్నారు. నేను ఇరవై అడుగుల దూరంలో తుమ్మచెట్టు నీడన బండి స్టాండు వేసి, దాని మీదే కూర్చుని అడిగాను. ఒకాయన చెప్పాడు, "పొద్దుగాల మొగడు పెండ్లాలు లొల్లి వెట్టుకున్నరు సారు" అని. నేను రాసుకున్నది అంతే. ఆరు లైన్ల వార్త. చివరి లైను, 'కుటుంబ కలహాలే కారణమని తెలుస్తోంది.'

మూడోరోజు ఆమె భర్త నన్ను వెతుక్కుంటూ మండల కేంద్రానికి వచ్చాడు. చొక్కా జేబులో పాల ప్యాకెట్ కవరు. అందులో మడిచిన పేపరు ముక్క.

"ఇది మీరే రాసిండ్రంట గద సారు."

నేనే అన్నాను.

"లొల్లి అయిన మాట నిజమే సారు. అన్నంల రాళ్ళొచ్చినయని నేనే అన్న. గంతదానికి దుంకుతదా? మోటరు నీళ్ళు ఎత్తుతలేదని ఫుట్‌బాల్‌కు పట్టిన నాచు తీయనీకి దిగింది. నేను కరెంటు బిల్లని పోయిన. లేకుంటే నేనే దిగేటోన్ని."

ఫుట్‌బాల్ అంటే మోటారు పైపు చివర నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే వాల్వు. మా దగ్గర అందరూ అట్లాగే అంటారు.

నేను ఏమీ అనకుండా నిలబడ్డాను. ఆయనే మళ్ళీ అన్నాడు. గొంతు పెంచలేదు. "ఇద్దరు ఆడపిల్లలు సారు. రేపు సంబంధానికొచ్చినోళ్ళు ఊళ్ళె నలుగురిని అడుగుతరు. తల్లి బాయిల దుంకిందంట గద అంటరు. ఆళ్ళకు నేనేం జెప్పాలె?"

ఆయన్ని బండి మీద ఎక్కించుకుని ఆ బావి దగ్గరికి పోయాను. ఈసారి గట్టు దాకా నడిచాను. రాతి మెట్లు. నాలుగో మెట్టు మీద పచ్చటి నాచు, దాని మీద జానెడు పొడవున గీరుకుపోయిన తెల్లటి చార. కింద బావి అంచు మీద ఒక కొడవలి, దాని మొన చుట్టూ ఎండిపోయిన నాచు తీగలు. మోటారు పైపు సగం పైకి లాగి, తాడు రాయికి కట్టి ఉంది. ముడి గట్టిగా ఉంది. గట్టు మీద మూత పెట్టిన సద్ది గిన్నె, దానికి అప్పటికే చీమలు పట్టాయి. మొదటిరోజు కూడా ఇవన్నీ అక్కడే ఉన్నాయి. నేను ఇరవై అడుగులు నడవలేదు.

సవరణ వేయమని ఆ రాత్రి ఆఫీసుకు ఫోన్ చేశాను. ఆరు లైన్ల వార్తకు సవరణ ఏమిటి అన్నారు. నేను గట్టిగా అడగలేదు. మరుసటి రోజు వేరే వార్తలు ఉన్నాయి.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమ గట్టు కాలువ కోసం తవ్వుతున్న ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల ఇరుక్కున్నప్పుడు నేను విలేకరిని కాదు. తోటకు నీళ్ళు పెట్టి వచ్చి టీవీ ముందు కూర్చునేవాణ్ణి. ఆ నీళ్ళు మా జిల్లాకు రావలసినవే, అందుకని ఆ సొరంగం మాట వింటేనే మా వాళ్ళకు ఒక ఆశ. ఎనిమిది మందీ జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి వచ్చిన వాళ్ళు. టీవీలో 'లోపల సేఫ్?' అని ఒక గంట, 'ఆశలు గల్లంతు?' అని ఇంకో గంట నడిచింది. చివర ఒక ప్రశ్న గుర్తు పెడితే ఏదైనా రాయవచ్చు. 'తెలుస్తోంది'కి ఇప్పుడు వచ్చిన కొత్త రూపం అది. వెయ్యి మైళ్ళ అవతల ఆ మనుషుల తల్లులు ఆ గుర్తును చూస్తారా?

సొరంగంలో కూడా అంచనాలే వేశారు. నేలలోపలికి తరంగాలు పంపే రాడార్‌తో హైదరాబాద్‌లో భూమి లోపలి సంగతులు పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు వచ్చారు. ఆ రాడార్ 'ఇక్కడ ఏదో ఉంది' అని మాత్రమే చెప్పగలదు. మనిషా, ఇనుమా అన్నది తవ్వితేనే తెలుస్తుంది. వాళ్ళు ఆ చోట గుర్తు పెట్టారు, సైన్యం, ఎన్‌డీఆర్‌ఎఫ్, చేత్తో తవ్వే కార్మికులు మోకాళ్ళ లోతు బురదలో దిగి తవ్వి చూశారు. ఒకచోట లేకపోతే ఇంకోచోట. మొదటి శవం మార్చి 9న దొరికింది, రెండోది మార్చి 25న. బయట టీవీ చేసిన ఊహకూ లోపల వాళ్ళు చేసిన ఊహకూ నడుమ ఉన్నది ఆ బురదలో దిగడమే. నాకు ఆ తుమ్మచెట్టు నీడ గుర్తొచ్చింది. బండి స్టాండు గుర్తొచ్చింది.

మొన్న నాయిన డైరీ చివర్లో నాలుగు ఖాళీ పేజీలు ఉన్నాయని చూసి, ఒకటి అడిగి తీసుకున్నాను. ఎందుకని ఆయన అడగలేదు. స్కేలుతో గీసి ఇచ్చాడు. అందులో రాసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు, ఆమె పేరు రాయడం లేదు, ఆ పిల్లలిద్దరికీ ఇప్పుడు పెళ్ళిళ్ళయ్యాయని విన్నాను. ఆ ఊరివాళ్ళు చదివితే వాళ్ళకు అర్థమవుతుంది.

2006 జూలైలో నేను రాసిన వార్తలో చివరి లైను నా ఊహ. అప్పుడు నాకు తెలిసింది ఆ పొద్దున ఇంట్లో ఒక మాట అనుకున్నారని మాత్రమే, అది కూడా ఒకాయన చెబితే. ఆమె కాలు జారి పడిందని నేను అనుకుంటున్నాను. నేను చూడలేదు, ఎవరూ చూడలేదు, కాబట్టి ఇది కూడా అంచనాయే. నాలుగో మెట్టు మీద నాచు జానెడు గీరుకుపోయింది. కొడవలికి నాచు ఉంది. పైపు తాడు రాయికి కట్టి ఉంది. సద్ది గిన్నె మూత తీయలేదు.